నడిరోడ్డు మీద దింపుడు కళ్లం

జోగారావు మాస్టారు ప్రశ్నకు కూర్చుని జవాబు చెప్పరు. ముప్పై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. సందేహాలతో ఆయన అరుగెక్కే మా నలుగురైదుగురికీ ఒకటి తెలుసు: ఆయన చెప్పుల కోసం చూశారంటే జవాబు బయటెక్కడో ఉంది.

ఆ మంగళవారం పొద్దున హైమ వచ్చింది. మా అందరిలోకీ చిన్నది, ఇరవై మూడేళ్లు. మా పేటకూ బజారుకూ మధ్య నాలుగు వరుసల రోడ్డు పడ్డాక, నడిచేవాళ్లు దాటడానికి తెల్లచారలూ సిగ్నలూ కావాలని పద్నాలుగు నెలలుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. ఎవరూ చెయ్యమనలేదు. రోడ్డు పక్కన స్టూలు వేసుకుని తనే లెక్క కట్టింది. నిమిషానికి నలభై ఒక్క బళ్లు. దాటాలంటే సగటున ఆరున్నర నిమిషాలు నిలబడాలి. నాలుగు అర్జీలు పెట్టింది. నాలుగింటి మీదా మొదటి గుర్తు ఆకుకూరలమ్మే పైడమ్మ వేలిముద్రే. "నా ఏలు పడితే పనైపోద్దమ్మా" అని నవ్వుతూ వేసేది.

ఆదివారం సాయంత్రం ఆ పైడమ్మనే, నెత్తిన గంపతో రోడ్డు దాటుతుండగా, వ్యాను గుద్దేసింది.

"ఇంజినీరు గారు మళ్లీ అదే మాట మాస్టారూ," అంది హైమ. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఒక్క నిమిషం ఆపితే బళ్లు రైలుగేటు దాకా పేరుకుపోతాయట. ఈ రోడ్డు మీద ఆపడమన్నదే కుదరదట. రేపు ఐదో అర్జీ. అదీ కొట్టేస్తే ఇక ఈ ఏడాదికి తీసుకోరు. ఇంకెంత పెద్ద అంకె చూపిస్తే ఆపుతారు?"

మాస్టారు చెప్పులు వేసుకున్నారు. "గడియారం ఉందా? పద. పైడమ్మను తీసుకెళ్తున్నారు."

మా వైపు పాడెను శ్మశానానికి సగం దారిలో ఒకసారి కిందికి దించుతారు. కొడుకు వంగి చెవిలో మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఏ మూలైనా మిగిలుంటే పలుకుతుందని ఆశ. ఆ చోటే దింపుడు కళ్లం. మా పేటకది తాతలనాటి చోటు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అది సరిగ్గా నడిమధ్యకొచ్చింది. డివైడరు ఇంకా కట్టలేదు. పెద్దలు చోటు మార్చలేదు.

డప్పు వినబడగానే ముందు ఒక లారీ ఆగింది. దాని పక్కన బస్సు. డ్రైవరు ఇంజను ఆపి చేతులు జోడించాడు. మోటారు సైకిలు మీది కుర్రాడు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఒక్క హారన్ లేదు. పాడె నడిరోడ్డున దిగింది. కొడుకు సూరిబాబు వంగి "అమ్మా" అన్నాడు. రెండోసారి గట్టిగా అన్నాడు. మూడోసారి చెవికి నోరు ఆనించి పిలిచాడు. బస్సు కిటికీల్లోంచి జనం మెడలు చాచి చూశారు, పలుకుతుందేమోనని. తర్వాత పాడె లేచి అవతలికి వెళ్లింది.

"ఎంతసేపు?" అన్నారు మాస్టారు.

"నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. నా లెక్కన నూట డెబ్భై ఏడు బళ్లు." హైమ వెనక్కి తిరిగి చూసింది. "బళ్ల వరస పాలకేంద్రం దగ్గరే ఆగింది మాస్టారూ! రైలుగేటు ఇంకో కిలోమీటరుంది. ఆపొచ్చు! రేపు ఇదే రాసిస్తాను."

"తొందరపడకు. వెళ్లినవాళ్లు తిరిగి రావాలిగా."

గంటన్నర నిలబడ్డాం. తడిబట్టలతో సూరిబాబూ, పాడె మోసిన నలుగురూ అవతలి అంచుకొచ్చారు. అడుగేశారు, వెనక్కి గెంతారు. మళ్లీ వేశారు, మళ్లీ గెంతారు. పొద్దుటి బస్సే తిరుగు ట్రిప్పులో వస్తోంది. ఆ డ్రైవరే. చేతులు జోడించినవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా దూసుకుపోయాడు.

"ఎల్లినప్పుడు ఆగినారు కదరా! ఇప్పుడేటొచ్చింది మీకు?" అని అరిచాడు నలుగురిలో ఒకడు.

"అప్పుడు అమ్మ ఉందిరా," అన్నాడు సూరిబాబు. "ఇప్పుడు మనమే కదా."

వాళ్లు ఇవతలికి రావడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. హైమ ఆ అంకె రాసుకోలేదు. కలం మూత పెట్టేసింది. "మూడుసార్లు పిలిచారు కదా మాస్టారూ," అంది. "ఒకవేళ పలికి ఉంటే?"

"పలక్కపోవడమే మంచిదైందమ్మా," అన్నారు మాస్టారు. "లేచి నిలబడి ఉంటే హారన్ కొట్టేవాళ్లు."