పళ్ళు లేని అలుగుల మీద నింద

ఇప్పలకోన అనే అడవిలో జింకలు, పెద్ద కొమ్ముల కణుతులు, కుందేళ్ళు, నక్కలు, ముళ్ళపందులు, గుంపుగా వేటాడే రేచుకుక్కలు కాపురం ఉండేవి. వాటితోపాటు నలభై కలుగుల్లో అలుగులు ఉండేవి.

అలుగును మీలో చాలామంది చూసి ఉండరు. ఒంటినిండా పెంకుల్లాంటి పొలుసులు, జానెడు నాలుక. నోట్లో మాత్రం ఒక్క పన్ను కూడా ఉండదు. చీమల్నీ చెదల్నీ నాలుకకి అంటించుకుని మింగేస్తుంది. పిల్ల పుడితే తల్లి దాన్ని తోకమీద ఎక్కించుకుని తిప్పుతుంది. భయం వేస్తే బంతిలా ముడుచుకుంటుంది. ఇంతే దాని సంగతి. ఇందులో ఎవరికైనా కోపం తెప్పించేది ఏముంది చెప్పండి?

కానీ అలుగులు పగలు పడుకుని, మిగతావాళ్ళు నిద్రపోయాక తిండికి వెళ్ళేవి. అందువల్ల వాటితో కూర్చుని మాట్లాడినవాళ్ళు తక్కువ. పైగా అవి ఎన్నో తరాల కిందట పక్క కొండనుంచి వచ్చాయట. నిజానికి కణుతులూ ఎక్కడినుంచో వచ్చినవే, కుందేళ్ళూ అంతే. కానీ ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. "అలుగు ఎదురైతే అరిష్టం" అని ముసలి జింకలు పిల్లలకి చెప్పేవి. ఎందుకు అరిష్టమో వాటికీ తెలీదు.

ఒక ఏడు ఇప్పలకోన జంతువులు అవతలి కొండమీది అడవిదున్నలతో మడుగుకోసం కయ్యానికి దిగాయి. దిగమన్నది రేచుకుక్కలే. చిత్తుగా ఓడిపోయాయి, మడుగూ పోయింది. ఆ మరుసటేడు వానల్లేవు, ఇప్పపూలు రాలలేదు. కడుపులు మాడాయి. దానికంటే ఎక్కువగా పరువు పోయిందన్న బాధ.

అప్పుడు చండకుడు అనే రేచుకుక్క ఒక బండరాయి ఎక్కాడు.

"మనం ఓడిపోలేదు, మనల్ని ఓడించారు!" అని అరిచాడు. "అలుగులు భూమిలోపల సొరంగాలు తవ్వి మన నీళ్ళన్నీ అవతలి కొండకి పంపాయి. మన జింకపిల్లలు మాయమైపోవడం లేదూ? వాటిని కొరికి చంపుతున్నవీ అలుగులే!"

జంతువులన్నీ ఒక్కసారిగా లేచి కేకలు పెట్టాయి. పాపం, వాటికి ఎంత హాయిగా అనిపించిందో! ఇన్నాళ్ళూ తప్పు తమదేమోనని లోలోపల కుమిలిపోతున్నాయి. ఇప్పుడు ఆ బరువు తీసి పక్కింటి గుమ్మంలో పడేశాడు చండకుడు.

ఆ గుంపులో ఈటెలమ్మ అనే ముళ్ళపంది ఉంది. ఆమె కలుగు పక్కనే చిప్పాలు అనే తల్లి అలుగు కలుగు. ఈటెలమ్మ లేచి, "అయ్యా, అలుగులకి పళ్ళే లేవు కదా, ఎలా కొరుకుతాయి?" అంది.

"చూశారా, పళ్ళు ఎంత తెలివిగా దాచుకున్నాయో!" అన్నాడు చండకుడు.

అందరూ పగలబడి నవ్వారు. ఈటెలమ్మకి తల కొట్టేసినట్టయింది. ఇంకేమీ అనలేక కూర్చుండిపోయింది. అలా కూర్చున్నందుకు తర్వాత చాలా బాధపడింది. జింకపిల్లల్ని తింటున్నది రేచుకుక్కలేనని ఆమెకి తెలుసు. గుంపులో సగంమందికి తెలుసు.

చండకుడు అడవికి రాజయ్యాడు. మొదట అలుగుల కలుగుల ముందు గుర్తుగా ఎర్రమట్టి పూయించాడు. "మట్టే కదా" అనుకున్నాయి జంతువులు. తర్వాత అడవిలో మిగిలిన ఒక్క ఊటదగ్గర అలుగులు నీళ్ళు తాగకూడదన్నాడు. "మనకి రెండు గుక్కలు ఎక్కువొస్తాయి" అనుకున్నాయి. చివరికి, అలుగు ఎవరికి దొరికితే దాని కలుగు వాళ్ళదేనన్నాడు. సొంతంగా తవ్వుకోవాలంటే బద్ధకించే నక్కలు ఆ మాటకి చెవులు నిక్కించాయి. ద్వేషంతో కొందరు, ఆశతో కొందరు, భయంతో చాలామంది చండకుడి వెంట నిలబడ్డారు. ఏమీ చెయ్యకుండా చూస్తూ ఉన్నవాళ్ళు అందరికంటే ఎక్కువ.

ఈటెలమ్మ చిప్పాలు దగ్గరికి పరిగెత్తింది.

"చెల్లీ, ఇక్కడుండొద్దు. పిల్లని తీసుకుని బయలుదేరు."

"ఎక్కడికి పోమంటావక్కా? నా పిల్ల పుట్టింది ఇక్కడే, నేను పుట్టింది ఇక్కడే. మా తాతలు ఇలాంటివి చాలా చూశారు. ముడుచుకుని కదలకుండా ఉంటే పులి కూడా కొరికి కొరికి విసుగొచ్చి పోయేదట. ఈ కుక్క ఎంత?"

"పులికి ఆకలేసింది, అందుకే విసుగొచ్చింది. వీడికి మీరు లేకుండా పోవాలి. వీడికి విసుగు రాదు!"

మర్నాడు పొద్దెక్కగానే రేచుకుక్కలు వచ్చాయి. అలుగులు ఎప్పటిలాగే బంతుల్లా ముడుచుకున్నాయి. రేచుకుక్కలు కొరకడానికి కూడా ప్రయత్నించలేదు. ఒక్కొక్క బంతినీ ముక్కుతో తోసుకుంటూ వెళ్ళి లోయలోకి దొర్లించేశాయి. తాతల కాలంనుంచి కాపాడిన విద్య ఆ పూట పనికిరాలేదు. తప్పు అలుగులది కాదు. ఇంత దుర్మార్గం పుడుతుందని వాటి తాతలు మాత్రం ఎలా అనుకుంటారు?

చిప్పాలు కూడా ముడుచుకోబోయింది. "ముడుచుకోకు! నా వెనక రా!" అని ఈటెలమ్మ గట్టిగా కసిరింది. చిప్పాలు పిల్లని తోకమీద వేసుకుని ఆమె కలుగులోకి దూరింది. ఈటెలమ్మ వెనక్కి తిరిగి, ముళ్ళు నిక్కబొడిచి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

ఒక రేచుకుక్క వచ్చి వాసన చూసింది. "లోపల ఎవరు?"

"నా పిల్లలు."

"చీమల వాసన వస్తోంది."

"అడవిలో చీమలు లేని కలుగు ఎక్కడుంది? అనుమానమైతే రా, ముక్కు పెట్టి చూడు" అంది ఈటెలమ్మ. ముళ్ళు గలగలమనిపించింది.

ఆమెకి భయం వెయ్యలేదా? వేసింది. కాళ్ళు గజగజ వణికాయి. ఆ వణుకుకే ముళ్ళు ఇంకా గట్టిగా చప్పుడు చేశాయి. రేచుకుక్క ఒక నిమిషం నిలబడి, ముక్కు మీద తీపితో వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏడాదిపాటు చిప్పాలూ పిల్లా ఆ కలుగులోనే దాక్కున్నారు.

అలుగులు పోయాక నీళ్ళు వచ్చాయా? చుక్క కూడా రాలేదు. జింకపిల్లలు మాయమవడం ఆగిందా? రెట్టింపైంది. చెదలు పెరిగి ఇప్పచెట్లు కూలాయి. అది కూడా నిజమే, కానీ నేను ఈ కథ చెప్పేది అందుకు కాదు. పనికొచ్చేవాళ్ళనే బతకనివ్వాలా ఏమిటి?

కొత్త దోషి కావాలి కాబట్టి, "ముళ్ళపందులు కూడా నేల తవ్వుతాయి సుమా" అనడం మొదలుపెట్టాడు చండకుడు. ఇంతలో మడుగు గెలుచుకొస్తానని గొప్పలు పోయి, అందరినీ మళ్ళీ అవతలి కొండమీదికి తీసుకెళ్ళాడు. అడవిదున్నలు కొమ్ములతో కుమ్మేశాయి. ఎన్నో జంతువులు తిరిగి రాలేదు. చండకుడూ అక్కడే చచ్చాడు. మిగిలిన రేచుకుక్కలు తోకలు ముడిచి అడవి విడిచి పోయాయి.

మిగిలిన జంతువులు ఈటెలమ్మని అడవికి పెద్దగా ఉండమన్నాయి. "ఉంటాను. కానీ ముందు చిప్పాలు మాట్లాడాలి, మీరు వినాలి" అంది.

చిప్పాలు ఏడాది తర్వాత ఎండలోకి వచ్చింది. నేరుగా తన పాత కలుగు దగ్గరికి వెళ్ళింది. లోపల జాగయ్య అనే నక్క, అతని పిల్లలు ఉన్నారు.

జాగయ్య తడబడ్డాడు. "చెల్లెమ్మా, మీకేం జరిగిందో మాకు నిజంగా తెలీదు."

"తెలీదా అన్నా? మరి నువ్వు వచ్చేసరికి కలుగు ఖాళీగా ఎందుకుందనుకున్నావు? లోపల నా పిల్ల పడుకునే గడ్డి ఇంకా వెచ్చగానే ఉండి ఉంటుందే!"

జాగయ్య పిల్లల్ని పిలిచి మెల్లగా బయటికి నడిచాడు.

చిప్పాలు లోపలికి వెళ్ళలేదు. పిల్లని తోకమీద ఎక్కించుకుని పక్క కలుగుకి వెళ్ళింది. గుమ్మంలో నిలబడి, అక్కడ ఒకప్పుడు ఉన్నవాళ్ళ పేర్లు గట్టిగా చెప్పింది. తర్వాత ఆ పక్క కలుగుకి వెళ్ళింది. ముప్ఫై తొమ్మిది కలుగులు. ప్రతి గుమ్మం దగ్గరా లోపలివాళ్ళు బయటికొచ్చి తలవంచుకుని విన్నారు. పేర్లన్నీ పూర్తయ్యేసరికి సాయంత్రమైంది.

నీతి: తన తప్పుని బలహీనుల మీదికి నెట్టేవాడు చివరికి అందరినీ ముంచుతాడు, అబద్ధమని తెలిసీ ఊరుకున్నవాడు ఆ పాపంలో పాలుపంచుకున్నట్టే.