సుంకన్న పొద్దు

ఊఁ కొట్టేవాళ్లుంటేనే కథ నడుస్తుంది. ఊఁ కొట్టేవాళ్లు ముందుకు రండి, నిద్రొచ్చేవాళ్లు గోడవారకు జరగండి.

ఎప్పుడో, మన తాతల తాతలకు ఇంకా మీసాలు రాని కాలంలో, బోడిబండ అని ఒక ఊరు. ఊరి వెనక ఒక గుట్ట. దాని మీద చెట్టూ లేదు, చేమా లేదు. ఆ ఊళ్లో సుంకన్న అని ఒకడు కిత్తనార తెచ్చి తాళ్లు పేనేవాడు. తాడు పేనడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఒకరు నార అందించాలి, ఒకరు మెలి తిప్పాలి. సుంకన్న అందిస్తే పెళ్లాం ఓబులమ్మ తిప్పేది. వాళ్ల ఆస్తి అంతా కలిపి ఒక గుడిసె, ఒక తాళ్లమోపు, చూరు కింద వేలాడదీసిన కుండలో ఒక పావురాల జత. ఆ జతను ఓబులమ్మ పుట్టింటి నుంచి గంపలో పెట్టుకుని తెచ్చుకుంది. వాటిని చూసుకుంటే ఆమెకు అమ్మగారిల్లు చూసినట్టుండేది.

ఓబులమ్మ నీళ్లోసుకుంది. నెలలు నిండాయి. ఆడపిల్ల పుట్టింది.

ఇక్కడ ఆ ఊరి కట్టు ఒకటి చెప్పాలి. పురుడైన ఇంట్లో ఇరవై ఒక్క దినాలు మగవాడు అడుగు పెట్టకూడదు. పెడితే వాన రాదు. ఎవరు చెప్పారు? పెద్దలు చెప్పారు. పెద్దలకెవరు చెప్పారు? వాళ్లకంటే పెద్దలు. అడుగుతూ పోతే ఈ రోజుకీ తేలదు.

మంత్రసాని పొద్దున్నే వచ్చి గంజి పెట్టి, తన కూలికి తను పోయేది. ఇరుగుపొరుగంతా చేలకు పోయేవాళ్లు. లోపల బాలింత, చంటిపిల్ల. వాకిట్లో సుంకన్న. మధ్యన ఒక తడిక.

మొదటి వారం సుంకన్న తడిక దగ్గర నిలబడి అడిగాడు.

"ఎట్లుండావు?"

"నాకేమి, బాగుండా. పావురాలకు గింజలేస్తివా?"

"ఏస్తి."

రెండో వారం మళ్లీ అడిగాడు. ఓబులమ్మ గొంతు సన్నబడింది.

"నాకేమి, బాగుండా. పావురాలకు గింజలేస్తివా?"

"ఏస్తి."

మూడో వారం అడిగాడు. పలుకు లేదు. పిల్ల ఏడుస్తోంది. సుంకన్న తడిక మీద చెయ్యి వేశాడు. తీసేశాడు. మళ్లీ వేశాడు, మళ్లీ తీసేశాడు. చివరికి మంత్రసాని కోసం చేలకు పరుగెత్తాడు. ఆమె వచ్చేసరికి ఓబులమ్మ ఒళ్లు చల్లబడిపోయింది. పక్కన గంజిముంత పెట్టింది పెట్టినట్టే ఉంది. ఏడ్చే పిల్లను ఎవరి చేతికిచ్చి తినాలి పాపం? నాలుగు దినాలకు ఆ పిల్ల కూడా తల్లి దారే పట్టింది.

ఆ ఏడు వాన బ్రహ్మాండంగా కురిసింది. పెద్దలు మీసాలు దువ్వుకున్నారు.

సుంకన్న మాత్రం మాట మానేశాడు. ఎవరితో ఏం మాట్లాడాలి? తాడు కొసను గుంజకు కట్టి ఒక్కడే పేనేవాడు. ఒక్కడే ఉడకేసుకుని, ఒక్కడే తినేవాడు. ఇల్లంతా ఆయనకు ఖాళీ బావిలా వినిపించేది.

అట్లా ఉండగా పావురాల కుండలో రెండు గుడ్లు కనిపించాయి. ఓబులమ్మ ఉంటే ఎంత సంబరపడేదో అనుకుంటూ, పని లేని మనిషి కాబట్టి, కూర్చుని చూశాడు.

గొర్రెలు మేతకు పోయే పొద్దుకు మగపావురం వచ్చింది. ఆడదాని మెడ మీద ముక్కుతో తట్టింది. ఆడది లేచి, రెక్కలు దులుపుకుని, గింజలు తిని, నీళ్లు తాగి, కాసేపు ఎండలో కళ్లు మూసుకుంది. గొర్రెలు తిరిగొచ్చేదాకా గుడ్లమీద మగదే కూర్చుంది. మర్నాడూ అంతే. మూడోనాడూ అంతే.

పద్దెనిమిది దినాలకు గుడ్లు పగిలాయి. పచ్చటి నూగు, మూసుకున్న కళ్లు, ఒంటికి మించిన ముక్కులు. అందంగా ఉన్నాయని నేను అబద్ధం చెప్పను. సుంకన్న ప్రేమకొద్దీ పిల్లల ముందు కొర్రలు చల్లాడు. కళ్లే తెరవనివి కొర్రలేం తింటాయి? మీద చెయ్యి వేశాడు. తల్లి బెదిరిపోయి పగలంతా కుండకు రాలేదు. అప్పుడు తండ్రే నోరు తెరిచి, తన గొంతులోంచి వాటికి పాలు పట్టింది. పావురాలు పాలిస్తాయా అని నవ్వకండి. వాటికి గొంతులో ఊరతాయి. తల్లికీ ఊరతాయి, తండ్రికీ ఊరతాయి.

అది చూసి సుంకన్న గోడకు తల ఆనించి ఏడ్చాడు.

"ఇంతేనా ఓబులమ్మా? ఒక పూట పిల్లను ఎత్తుకుంటే సరిపోయేదా? ఇంత మాత్రం పని నేను చెయ్యకపోతినే!"

ఆ రోజు నుంచి ఆయనకు పావురాలే లోకం. పిల్లలకు పెట్టేది మానేసి వాటి తల్లిదండ్రులకు పెట్టాడు. నానబెట్టిన జొన్నలు, అలసందలు, ఒక ఉప్పుగడ్డ, పాతగోడ సున్నం పొడి. నీళ్లు మూడు పూటలా మార్చాడు. గూట్లో పురుగు చేరకుండా పొగాకు కాడలు పరిచాడు. ఒక జత మూడు జతలైంది. మూడు కాస్తా ఇరవై కుండలయ్యాయి. ఊళ్లో ఎవరి పావురం పిల్లల్ని చేసినా సుంకన్న దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన మూడే మాటలు చెప్పేవాడు.

"తల్లికి పెట్టండి. తండ్రిని తోలొద్దండి. పిల్లల్ని ముట్టొద్దండి."

"పిచ్చి ముదిరింది" అనుకుంటూ పోయేవాళ్లు. కానీ చెప్పినట్టే చేసేవాళ్లు, ఎందుకంటే పిల్లలు బతికేవి.

ఇట్లా ఏళ్లు గడిచాయి. ఆ ఊళ్లో హనుమప్ప అని ఒక గొర్రెలకాపరి. వాడి పెళ్లాం చెంగమ్మకు కవలలు పుట్టారు. అత్తా లేదు, అమ్మా లేదు. ఒక పొద్దున సుంకన్న నార మోపుతో ఆ వాకిలి ముందునుంచి పోతున్నాడు. హనుమప్ప తడిక దగ్గర నిలబడి అడుగుతున్నాడు.

"ఎట్లుండావు?"

"నాకేమి, బాగుండా" అంది లోపలి గొంతు. సన్నగా అంది.

సుంకన్న మోపు కింద పడేశాడు. ఆ మాట ఎంత అబద్ధమో ఆయనకు తెలిసినట్టు లోకంలో ఎవరికి తెలుసు?

"హనుమప్పా, లోపలికి పో."

"అదేంది చిన్నాయనా! నేను పోతే ఊరికి వాన రాదంట గదా."

"నేను పోలేదు. వాన వచ్చె. ఓబులమ్మ రాలేదు."

హనుమప్ప తడిక మీద చెయ్యి వేసి ఆగాడు.

"పో అబ్బోడా. పిల్లల్ని నువ్వెత్తుకో. ఆ యమ్మ కడుపునిండా తిని పండుకోనీ. గొర్రెలొచ్చే పొద్దుకు మళ్లా ఆ యమ్మకియ్యి. నీ మందను నేను మేపుకొస్తా."

హనుమప్ప తడిక తీసి లోపలికి పోయాడు. ఆ రోజు చెంగమ్మ తిన్నది, నిద్రపోయింది. మర్నాడూ తిన్నది, నిద్రపోయింది. మూడోనాటికి గోడ పట్టుకోకుండా లేచి నిలబడింది.

ఊళ్లో రహస్యం ఎంతసేపు దాగుతుంది? పెద్దలు కూర్చున్నారు. ఊరి కట్టు తెంచమని చెప్పిందెవరని హనుమప్పను అడిగారు. వాడు తల దించుకున్నాడు.

"నేనే చెప్తి" అన్నాడు సుంకన్న.

"అయితే నీకీ ఊళ్లో నిప్పు లేదు, నీళ్లు లేవు, మాట లేదు. ఇప్పుడే లేచిపో."

"పోతా. రెండు కుండల్లో పిల్లలుండాయి. వాటికి రెక్కలొచ్చేదాకా ఆగండి."

పెద్దలు సరేనన్నారు. పావురాలకు చూపించిన దయ బాలింతలకు చూపించాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

రెక్కలొచ్చాక సుంకన్న కుండలను కావడిలో మోసుకుని గుట్ట మీదికి పోయాడు. ఆ ఏడు వాన ఆలస్యమైంది. ఊరంతా ఆయన్ని తిట్టింది. తర్వాత వాన వచ్చింది. అప్పుడు మాత్రం దిగిరమ్మని పిలిచినవాళ్లు లేరు. తిట్టడం గుర్తుంటుంది గానీ పిలవడం ఎవరికి గుర్తుంటుంది?

హనుమప్ప గొర్రెలను తోలుకుని గుట్టవారగా పోతూ తలెత్తి చూసేవాడు. మాట్లాడితే పెద్దలు జరిమానా వేస్తారని భయం. పైనుంచి సుంకన్న చెయ్యి ఎత్తేవాడు. కవలలు నడక నేర్చిన నాడు చెంగమ్మ గుట్ట కిందికి వచ్చి, చెరొక చంకలో ఇద్దరినీ ఎత్తి పట్టుకుని చాలాసేపు నిలబడింది. సుంకన్న చూశాడు. కిందికి రాలేదు. ఆ పూట ఆయన తాడు పేనలేదని, ఊరికే కూర్చున్నాడని చెబుతారు.

ఆయన పోయిన సంగతి మూడు దినాల దాకా ఎవరికీ తెలియదు. ఆకలేసి పావురాలు ఊళ్లోకి దిగితే, హనుమప్పకు అనుమానం వచ్చి గుట్ట ఎక్కాడు. సుంకన్న ఒక పక్కకు ఒదిగి పడుకుని ఉన్నాడు. నీళ్లముంతలన్నీ ఎండిపోయాయి. కొడుకులు లేరు గనుక హనుమప్పే తల కొరివి పెట్టాడు. పెద్దలు వద్దనలేదు, రానూ లేదు.

ఆ తర్వాత ఊళ్లో ఒక కాన్పయింది. మొగుడు తడిక దగ్గర నిలబడి ఎట్లుండావని అడిగాడు. చెంగమ్మ తిని, నిద్రపోయి కోలుకోవడం కళ్లారా చూసిన పిల్ల ఆ బాలింత.

"బాగలేను. లోపలికి రా" అంది.

వాడు పోయాడు. ఇంకొక ఇంట్లో ఇంకొకడు పోయాడు. మూడో ఇంట్లో, వాడు ఒక పెద్దమనిషి కొడుకే లెండి, వాడూ పోయాడు. వాన వచ్చిన ఏడు వచ్చింది, రాని ఏడు రాలేదు. ఎప్పటిలాగే.

ఇప్పటికీ బోడిబండలో పురుడైన ఇంటికి, గొర్రెలు మేతకు పోయే వేళకు, పోయి చూడండి. మగవాడు కాళ్లు చాపుకుని, కాళ్ల మీద బిడ్డను వేసుకుని కూర్చుని ఉంటాడు. బాలింత తిని నిద్రపోతుంటుంది. ఎవరైనా తెలియక వాకిట్లోంచి కేక వేస్తారు.

"యాడుండావప్పా? కరెంటొచ్చింది, మడికి నీళ్లు కట్టాల గదా, రా!"

"ఇప్పుడు కాదు. సుంకన్న పొద్దులో ఉండా" అంటాడు లోపలినుంచి, మెల్లగా.

వచ్చినవాడు గొంతు తగ్గిస్తాడు.

"అట్లనా. నువ్వు కూచో. నీ మడికీ నేనే కడతా."