లోవమ్మ మూడు మునకలు

అనగనగా సముద్రం పక్కన, ఉప్పుటేటి ఒడ్డున ఒక ఊళ్ళో ఇద్దరు తోటికోడళ్ళు ఉండేవారు. పెద్దామె మసేనమ్మ, చిన్నామె లోవమ్మ.

ఆ ఏటిలో రాళ్ళకి ఆల్చిప్పలు గుత్తులు గుత్తులుగా అతుక్కుని పెరిగేవి. పాటు వచ్చి నీళ్ళు వెనక్కి లాగేసినప్పుడు వెళ్ళి, పొట్టి గునపంతో వాటిని ఊడగొట్టి తట్టల్లో తెచ్చుకునేవారు. లోపలి మాంసం కూరకి, పై చిప్పలు సున్నం బట్టీకి. మళ్ళీ పోటు వచ్చి నీళ్ళు పొంగేలోపు ఒడ్డెక్కెయ్యాలి. అదీ వాళ్ళ బతుకు.

లోవమ్మది మెట్ట ఊరు. చెరువులో కూడా మోకాలి లోతు దాటి దిగి ఎరగదు, పిచ్చితల్లి. మొహం మీద నీళ్ళు పడితే చాలు, ఊపిరి ఆగినట్టుండేది. అందుకని మసేనమ్మ కొంగు పట్టుకుని, ఆవిడ అడుగులో అడుగేసి నడిచేది.

ఒకరోజు పొద్దున్నే ఇద్దరూ ఏటి మధ్యలో రాళ్ళగుట్ట దాకా వెళ్ళారు. తట్టలు సగం నిండాయి. అప్పుడు మంచు దిగింది. ముందు పడవల రేవు మాయమైంది. ఆ తర్వాత ఒడ్డున మడచెట్లు మాయమయ్యాయి. ఆ తర్వాత పక్కనున్న మసేనమ్మ కూడా కనబడలేదు.

"అక్కా!" అంది లోవమ్మ.

"ఇక్కడే ఉన్నానే. పద, ఎల్లిపోదాం," అంటూనే మసేనమ్మ కెవ్వుమంది.

ఆవిడ కాలు రెండు రాళ్ళ సందులోకి జారిపోయింది. సందు నిండా ఆల్చిప్పలు, కత్తుల్లాగా. ఇద్దరూ కలిసి గుంజారు. చర్మం చీరుకుపోతోంది గానీ పాదం రావట్లేదు. అప్పుడు వినబడిందమ్మా చప్పుడు. గుళగుళ... గుళగుళ... పోటు మొదలైంది!

నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. ఆ తర్వాత నడుముకొచ్చాయి.

"నువ్వెల్లిపోయే లోవా. ఇంకా కాళ్ళందుతాయి. మీ బావని పిలుసుకురా," అంది మసేనమ్మ.

బావ వచ్చేసరికి నీళ్ళు ఆవిడ తల దాటిపోతాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

లోవమ్మ గునపం తీసుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని మునిగింది.

లోపల అంతా చీకటి. చెవుల్లో హోరు. ఉప్పునీళ్ళు మింగేసి, ఉక్కిరిబిక్కిరై పైకి లేచిపోయింది.

అప్పుడు మళ్ళీ మునిగింది. తడుముకుంటూ పోతే అక్క పాదం దొరికింది. మడమని పట్టేసిన చిప్పల గుత్తీ దొరికింది. అరచెయ్యి కోసుకుపోయి భగ్గున మండింది. మళ్ళీ పైకొచ్చేసింది.

చూస్తే ఏముంది! నీళ్ళు మసేనమ్మ గడ్డం దాకా వచ్చేశాయి. ఆవిడ మొహం పైకెత్తుకుని, "ఎల్లవే తల్లీ, ఎల్లిపో," అని ఏడుస్తోంది.

లోవమ్మ మూడోసారి మునిగింది. గునపం మొన గుత్తి కిందకి దూర్చి, ఒంట్లో బలమంతా పెట్టి మెలి తిప్పింది. చిప్పలు ఫెళ్ళున విరిగాయి. కాలు బయటికొచ్చింది!

ఆ తర్వాత పని మసేనమ్మది. ఆవిడ చేపపిల్లలా ఈదుతుంది. "నా మెడ సుట్టూ పట్టుకో. పోటు నీరు మనూరికేసే పోద్ది," అంది. ఏరు ఎటు తోస్తే అటు తేలుతూ పోయారు. ఎంతసేపటికీ ఒడ్డు రాదు. లోవమ్మ కళ్ళే తెరవలేదు. చివరికి ఒక మడకొమ్మ చేతికి తగిలింది.

తట్టలూ పోయాయి, గునపమూ పోయింది. బురదలో కూలబడి, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని వణికారు.

"నీళ్ళంటే అంత బయం కదే నీకు. ఎలా మునిగేవే?" అంది మసేనమ్మ.

"ఇప్పుడూ బయమేనక్కా," అంది లోవమ్మ. "నిన్నొదిలేసి ఒక్కద్దాన్నీ ఇంటికెల్లడవంటే ఇంకా బయమేసింది."

పోటు నీరు ఒడ్డుకీ,
పాటు నీరు కడలికీ,
కథేమో కంచికీ,
మనమేమో నిద్దరికీ.