గంగాళంలో టైలు

కూలీల అడ్డా నుంచి తిరిగొచ్చేసరికి చిదంబరం చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కోపం వస్తే అతనికి ముందు చెవులు కందుతాయి, తర్వాత నోరు లేస్తుంది. ఆశ్రమంలో అందరికీ ఆ వరస తెలుసు.

ఈసారి కోపం ఊరికే రాలేదు. ముందురోజు మధ్యాహ్నం వంటింట్లో పొయ్యి వెనక గోడ నుంచి మూడు టైల్స్ ఊడిపడ్డాయి. ఒకటి సరాసరి కాగుతున్న నూనెలో పడింది. వంట చేసే నాంచారమ్మకు మోచేతి దాకా బొబ్బలెక్కాయి. ఆ టైల్స్ వేసి నిండా నాలుగు నెలలు కాలేదు.

వంటశాల బాధ్యత చిదంబరానిది. తన దగ్గర పనిచేసే మనిషి చెయ్యి కాలితే అతనికి ఒళ్ళు మండింది. అందులో తప్పేమీ లేదు. తెల్లారగానే ఊడిన టైలు ఒకటి గుడ్డలో చుట్టుకుని కూలీల అడ్డాకు పోయాడు. ఆ పని చేసిన యాకోబు మేస్త్రీని నలుగురిలో నిలబెట్టి కడిగి పారేశాడు.

వస్తూనే నేరుగా సోమిదేవమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆశ్రమానికి ఆవిడే గురువు. అందరూ అమ్మ అంటారు. నాంచారమ్మ చేతికి కట్టు ఉంది కాబట్టి ఆ పూట అమ్మే వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"చూడండమ్మా," అని టైలు తిరగేసి చూపించాడు. "వెనక సిమెంటు మరక కూడా లేదు. ఇప్పుడే కొట్లోంచి తెచ్చినట్టుంది. అతికించావా, ఆనించి పోయావా అని అందరి ముందూ అడిగాను. ఒకాయన వాణ్ణి పనికి తీసుకుపోదామని బండి ఎక్కించుకున్నాడు. నా మాట విని దింపేసి, ఇంకొకణ్ణి తీసుకుపోయాడు. ఇప్పుడైనా బుద్ధొస్తుంది."

"యాకోబు ఏమన్నాడు?"

"ఏమంటాడు? గంగాళాలు సామీ అంటూ ఏదో నసిగాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నోరు ముయ్యమన్నాను."

అమ్మ లేచి వంటింట్లోకి నడిచింది. చిదంబరం వెనకే వెళ్ళాడు. ఆవిడ గరిటె తిరగేసి పట్టుకుని, దాని కాడతో టైల్స్‌ను ఒక్కొక్కటే తట్టుకుంటూ పోయింది. కింది రెండు వరసలు గట్టిగా పలికాయి. మూడో వరస నుంచి పైదాకా అంతా డొల్ల.

"ఈ కింది వరసలు ఎవరు వేశారు?"

"వాడే."

"పైవి?"

"అవీ వాడే. అదేనమ్మా నా మంట. పని రానివాడైతే పోనీ అనుకుందును. మొదటిరోజు శుభ్రంగా వేశాడు. రెండోరోజుకే ఒళ్ళు బరువెక్కింది."

అమ్మ మూలనున్న ఇత్తడి గంగాళాన్ని ఈడ్చి, నాలుగు బిందెల నీళ్ళు పోసింది. అతని చేతిలోని టైలు తీసుకుని అందులో వేసింది. సన్నగా చప్పుడు చేస్తూ టైలులోంచి బుడగలు లేచాయి.

"అమ్మా, వాణ్ణి ఊరికే వదిలితే..."

"ఉండు. ముందు దాన్ని ఊరుకోనీ."

ఆవిడ మళ్ళీ చిక్కుడుకాయల దగ్గరికి పోయింది. చిదంబరం పళ్ళు బిగించి అక్కడే నిలబడ్డాడు. ఎంతసేపు చూసినా బుడగలు ఆగలేదు. ఎండిన టైలు ఇన్ని నీళ్ళు తాగుతుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

కానీ ఎవరో చెప్పారు.

ఆ రెండోరోజు, అంటే గురుపూజకు ముందురోజు, ఈ గంగాళం నిండా టైల్సే. పక్కదాని నిండా కూడా. "ఇప్పుడే నీళ్ళల్లో వేశాను సామీ. ఇది కడుపు నిండా తాగకపోతే సిమెంటులో నీళ్ళు తాగేస్తది, పట్టు నిలవదు. రేపటిదాకా కదపబాకండి," అన్నాడు యాకోబు. పులిహోర బియ్యం కడగాలని రెండు గంగాళాలూ అప్పటికప్పుడు ఖాళీ చేయించింది చిదంబరమే. తడిసింది చాల్లే, సాయంత్రానికి గోడ పూర్తి కావాలన్నదీ తనే. మేస్త్రీ తటపటాయిస్తే, నువ్వు కాకపోతే ఇంకొకడు వస్తాడని బెదిరించిందీ తనే.

అప్పుడూ అతని చెవులు ఎర్రగానే ఉండి ఉంటాయి.

బుడగలు ఒక్కొక్కటిగా తగ్గి, ఆగిపోయాయి. చిదంబరం వసారాలోకి వచ్చాడు. అక్కడే కూర్చున్న నాంచారమ్మ కట్టు వంక చూడలేక తల దించుకున్నాడు.

"తప్పు నాదమ్మా. సాయంత్రం యాకోబును ఇక్కడికి పిలిపిస్తాను. లోపల కూర్చోబెట్టి, నెమ్మదిగా..."

అమ్మ చేతిలోని కాయ తుంచి గిన్నెలో వేసింది.

"అడ్డాలో జనం పదింటిదాకా ఉంటారు," అంది. "ఇంకా తొమ్మిదే అయింది."