నెట్టికంటయ్య తవ్విన గుంత

నెట్టికంటయ్య ఎమ్మెల్యే అయి ఎనిమిది నెలలు. ఈ ఎనిమిది నెలల్లో నియోజకవర్గంలో తన చెవిన పడిన ఏ చావుకూ ఆయన పోకుండా ఉండలేదు. ఓట్లప్పుడు ఊరూరా ఇచ్చిన మాట అది. "మీ ఇంట్లో పెళ్లికి రాలేకపోవచ్చు గానీ, పాడె లేస్తే మాత్రం దాని కింద నా భుజం ఉంటుంది" అన్నాడు. గెలిచాక మొహం చాటేసే నాయకులనే చూసిన జనం, ఈయన నిజంగానే వచ్చి పాడె మోస్తుంటే ముక్కున వేలేసుకున్నారు. ఆ పేరు ఆయనకు తియ్యగా ఉండేది. ఉండదా మరి!

పలుగురాళ్ల మిల్లు ఉన్న కొండ్రపల్లెకు ఒక్కదానికే ఆయన పదకొండుసార్లు పోవాల్సి వచ్చింది. తెల్లరాళ్లను పిండి కొట్టే మిల్లు అది. ఆ పిండి పీల్చిన మగవాళ్లు నలభై దాటకుండానే దగ్గి దగ్గి పోతున్నారు. ఆస్పత్రిలో మాత్రం మిల్లు ఊసెత్తకుండా క్షయ అని రాసి పంపుతున్నారు.

పదకొండోవాడు సుంకన్న. పొద్దున్నే మట్టి చేశారు. తలా మూడు పిడికిళ్లు వేసి జనం వెళ్లిపోయాక, సుంకన్న తమ్ముడు రామాంజి ఒక్కడే అన్న మట్టి పక్కన కూర్చుండిపోయాడు. నెట్టికంటయ్య కూడా ఆగాడు. ఆయన ఆగింది చచ్చినవాడి కోసం కాదు, గుంత తవ్విన హుసేనప్ప తాత కోసం.

హుసేనప్ప ఫకీరు. ఊరి బయట చిన్న దర్గాలో దీపం పెడతాడు, ఏ కులంవాడు పోయినా గుంత తవ్వుతాడు. పార్టీ జెండా పట్టకముందు నెట్టికంటయ్య ఆ తాత దగ్గర ఆరేళ్లు శిష్యరికం చేశాడు. పార పట్టడం, నోరు అదుపులో పెట్టుకోవడం, ఈ రెండే తాత నేర్పిన విద్యలు. రెండోది ఒంటబట్టకే రాజకీయాల్లోకి పోయాడని ఊళ్లో హాస్యమాడేవాళ్లు.

"తాతా, ఒక మాట అడగాల."

"అడుగు."

ఎల్లుండి అసెంబ్లీ మొదలు. ఈ మిల్లు మీద నెట్టికంటయ్య పెట్టిన ప్రశ్న జాబితాకెక్కింది. మిల్లు యజమాని చూస్తే పార్టీ పెద్దకు వియ్యంకుడు. నిన్న ఆ పెద్దాయన ఫోన్ చేశాడు. అరవలేదు, తిట్టలేదు. "మొదటిసారి గెలిచినవాడివి, చాలా దూరం పోవాల్సినవాడివి. ప్రశ్న వెనక్కి తీసుకో" అని మెత్తగా అన్నాడు. రేపటికల్లా కాగితం పంపాలి. పంపకపోతే వచ్చేసారి టికెట్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

"వెనక్కి తీసుకుందామనుకుంటాండా తాతా. బదులుగా ఈ ఊరికి ఒక అంబులెన్సు అడుగుతా. ఎట్లయినా నేను వస్తానే ఉంటా గదా. ఒక్క చావుకన్నా రాకుండా ఉన్న్యానా? చెప్పు, ఇది తప్పంటావా?"

పామూ చావకుండా కర్రా విరక్కుండా భలే దారి కనిపెట్టానని లోలోపల ఆయనకు ధీమా.

తాత తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. "అసెంబ్లీ ఎన్ని దినాలు?" అన్నాడు.

"పన్నెండు."

"అన్ని దినాలు ఈ దిక్కుకు రావు."

"రాలేను తాతా."

తాత పార తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. సుంకన్న మట్టికి పక్కనే కాలి మడమతో నేల మీద గీత గీశాడు.

"తవ్వు."

నెట్టికంటయ్య తెల్లచొక్కా విప్పి పక్కన పెట్టి తవ్వాడు. గురువు చెప్పాక ఎందుకని అడిగే అలవాటు ఆయనకు ఆ ఆరేళ్లలోనే పోయింది. మోకాటి లోతుకు చేతులు బొబ్బలెక్కాయి. నడుము లోతు వచ్చేసరికి పొద్దు వాలింది, ఆయనకు భయం పుట్టింది. మనిషి పోకముందు గుంత తవ్వకూడదు, ఖాళీ గుంత ఊళ్లో ఎవరినో ఒకరిని పిలుస్తుందని ఆ సీమలో పట్టింపు. ఆయనకు ఆ మాట చెప్పింది ఈ తాతే.

"ఎవురు పోయినారు తాతా?"

"ఎవురూ పోల్యా. ఈ పన్నెండు దినాల్లో పోతారు. నువ్వు చావుకు తప్పనోడివి గదా, ముందే మట్టేసి పో. నీ మాట దక్కుతాది."

నెట్టికంటయ్య చేతిలో పార ఆగిపోయింది.

తాత వెనక్కి తిరిగి, "రామాంజీ, ఇట్ల రా నాయనా" అని పిలిచాడు. "కొలత సరిపోతాదేమో చూడు."

రామాంజిదీ అదే మిల్లులో పని. లేచి వచ్చాడు. ఉలిక్కిపడలేదు, కోప్పడలేదు. మంచం కొనేవాడు చూసినట్టు గుంతను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు.

"చాలదు సార్," అన్నాడు. "నేను మా యన్న కంటే జానెడు పొడుగు."

నెట్టికంటయ్యకు చచ్చేంత సిగ్గేసింది. ఈ ఊళ్లో పదకొండుసార్లు ఏడ్చి పోయాడు. పొద్దుటి నుంచి వెనకాలే దగ్గుతున్న మనిషి మొహం మాత్రం ఇప్పుడే చూస్తున్నాడు.

పార బయటికి విసిరేసి గుంతలోంచి పైకి పాకాడు. మోకాళ్ల మీద కూలబడి, పోగైన మట్టిని రెండు చేతులతో లోపలికి తోయడం మొదలుపెట్టాడు.

రామాంజి కంగారుపడ్డాడు. "పూడ్చొద్దు సార్! మళ్ల తవ్వాల్సొస్తాది. తాతకు ఓపిక ల్యా..." మాట పూర్తి కాకుండానే దగ్గు తెర కమ్ముకొచ్చింది.

నెట్టికంటయ్య చేతులు ఆగలేదు. "రేపు కాగితం పోదు తాతా," అన్నాడు.

"పూడ్చనీ నాయనా," అన్నాడు హుసేనప్ప. "ఆయప్ప పనే అది."