గట్టు దిగిన బుడబుంగ

ఒకప్పుడు బుడబుంగ పిట్టలు కూడా మిగతా నీటిపిట్టల్లాగే చెరువు గట్టు మీదే కాపురం ఉండేవి. నీళ్ల మీద ఇల్లేమిటి, ఎవరైనా వింటే నవ్విపోరూ. తుంగపొద పక్కన చిన్న గుంట చేసుకుని, నాలుగు ఎండుపరకలు పరుచుకుని, సర్దుకుపోయేవి.

సర్దుకోవడమంటే మాటలు కాదు. బుడబుంగ కాళ్లు తోక దగ్గరెక్కడో ఉంటాయి. నేల మీద నాలుగడుగులు వేస్తే ఐదో అడుక్కి బోర్లా పడుతుంది. అయినా పదిమంది ఎక్కడుంటే మనమూ అక్కడే అనుకుని, పడుతూ లేస్తూ అక్కడే ఉండేవి.

వాటిలో బుల్లెమ్మ అని ఒకావిడ. మహా సిగ్గరి. ఎవరైనా "బాగున్నావా" అని అడిగితే చాలు, బదులు చెప్పకుండా బుడుంగున నీళ్లలో మునిగిపోయేది. మొగుడు వీరన్న కూడా మాటకారి కాదు గానీ పనిమంతుడు. వాళ్లకి ముగ్గురు పిల్లలు. పెద్దాడు, నడిపిది, చిన్నది.

గట్టు మీద కొంగ మాస్టారి బడి ఉండేది. అక్కడ ముఖ్యమైన చదువు ఈత. ఆ ఈత నేల మీదే చెప్పేవారు. నీళ్లలో దింపితే పిల్లలు తలో దిక్కూ పోతారు, హాజరు తీసుకోవడం కుదరదు. అందుకని పిల్లలందరూ ఎండలో వరసగా బోర్లా పడుకుని కాళ్లు ఆడించాలి.

"ఈత అనగానేమి?" అని అడిగేవారు మాస్టారు, ఒంటికాలి మీద నిలబడి.

"నీటియందు మునగకుండుట ఈత అనబడును," అని బాతుపిల్లలూ నీటికోడి పిల్లలూ గొంతెత్తి చెప్పేవి.

ఒకరోజు పెద్దాడు లేచి, "మాస్టారూ, మరి మేము మునుగుతాం కదండీ," అన్నాడు.

"అయితే నీకు ఈత రాదు. కూర్చో."

మాస్టారు పుట్టి బుద్ధెరిగి ఒక్కసారీ ఈదలేదు. మోకాలిలోతు దాటి నీళ్లలోకి పోలేదు. ఆ సంగతి అడగాలని ఏ పిట్టకీ తోచలేదు. అంత తెల్లగా ఉన్నాయనకి ఈత రాకుండా ఉంటుందా అనుకునేవి.

ఒక సాయంత్రం బడి వదిలాక బుల్లెమ్మ పిల్లల్ని చెరువులోకి తీసుకెళ్లింది. పాఠాలింకా ఒంటబట్టని చిన్నపిల్లలిద్దరూ మునిగారు, తేలారు. పెద్దాడు మాత్రం నీళ్లలో అడుగుపెట్టి అలాగే ఉండిపోయాడు.

"దిగు నాయనా," అంది.

"ఉండమ్మా. మొదటి పాఠంలో కుడికాలు ముందు. రెండో పాఠంలో ఎడమకాలు ముందు. రెండూ కలిసి ఎప్పుడో మూడో పాఠంలో చెప్తారంట."

వాడు అలా ఆలోచిస్తూ ఉండగానే కిందనుంచి ఒక కొరమీను నోరు తెరుచుకుని లేచింది. బుల్లెమ్మ దూకి వాడి మెడ పట్టుకుని లాగింది. వాడి తోకలో రెండు ఈకలు చేప నోట్లోనే ఉండిపోయాయి.

మర్నాడు ఆవిడ పిల్లల్ని బడికి పంపలేదు.

పంపలేదు గానీ ఇంట్లో ఏం చెప్పాలో ఆవిడకి తెలీదు. తనకు వచ్చిందే చెప్పింది. "నేను మునుగుతాను, ఎక్కడ తేలతానో చెప్పుకోండి," అనేది. పిల్లలు తప్పు చెప్పేవారు, నవ్వుకునేవారు, ఆ తర్వాత తామే మునిగేవారు. ఒకరోజు తూము దాకా ప్రయాణం. ఒకరోజు తామరతూళ్ల వరకు. ఇంకోరోజు వాగు వచ్చి చెరువులో కలిసే చోటుకి. పిల్లలు అలసిపోతే వీపు మీద ఎక్కించుకునేది. సన్న బుడగలు లేస్తే అడుగున నత్త ఉన్నట్టు, పెద్ద బుడగ ఒక్కటే లేస్తే కొరమీను ఉన్నట్టు అని పెద్దాడే కనిపెట్టాడు. ఆ సంగతి ఆవిడకీ తెలీదు.

పక్కింటి నీటికోడి ఊరుకుంటుందా?

"వదినా, మీ పిల్లలు ఇప్పుడు ఏ క్లాసు?"

"ఇవాళ తూము దాకా వెళ్లొచ్చారు వదినా."

"అది క్లాసు పేరా? మావాడు రెండో పాఠంలో ఫస్టు. బోర్లా పడుకున్నాడంటే మట్టిలో అచ్చు పడిపోతుంది, అంత బాగా ఈదుతాడు."

"నీళ్లలో కూడానా?"

"ఇప్పుడే నీళ్లెందుకమ్మా? నీళ్లు పైచదువుల్లో కదా వచ్చేది."

బుల్లెమ్మ బుడుంగున మునిగింది. నీళ్ల అడుగున కూర్చుని, అందరి పిల్లలూ ఒక దారిన పోతుంటే నా పిల్లల్ని నేనే పాడుచేస్తున్నానా అని చాలాసేపు మథనపడింది. ఊపిరాడక పైకొచ్చింది గానీ బదులు దొరికి కాదు.

ఇంతలో తనిఖీకి గోరింక దొరగారు వచ్చారు. కళ్లచుట్టూ పసుపు కళ్లజోడు, నోటినిండా రూల్సు.

"ముగ్గురు పిల్లలు పదిరోజులుగా గైర్హాజరు. ఈ గట్టు మీద గూడున్న ప్రతి పిట్టా పిల్లల్ని బడికి పంపి తీరాలి. రేపు మొదటి గంటకి వరసలో కనిపించకపోతే ముగ్గుర్నీ కంపదడి హాస్టల్లో వేస్తాం. పరీక్షలయ్యేదాకా అమ్మానాన్నా చూడటానికి వీల్లేదు."

"పరీక్షలెప్పుడండీ?" అన్నాడు వీరన్న.

"ఈత పరీక్షా? చెరువు ఎండాక."

చిన్నది తల్లి రెక్క కిందికి దూరింది. చెరువు ఎండేది మండువేసవిలో. అప్పటికి పిల్లలు నీళ్లనే మరిచిపోతారు. బుల్లెమ్మ ఏదో చెప్పాలని నోరు తెరిచి, బుడుంగున మునిగింది. అడుగున కూర్చుని గోరింక మాటల్ని ఒక్కొక్కటే తలుచుకుంది. పైకొచ్చేసరికి దొరగారు వెళ్లిపోయారు.

"ఏమయ్యా, ఆయన గట్టు మీద గూడున్న ప్రతి పిట్టా అన్నాడు కదూ?"

"అన్నాడు."

"మన గూడు గట్టు మీద లేకపోతే?"

వీరన్న చప్పున నీళ్లలోకి దిగాడు. పోయి ఒక నాచుముద్ద లాక్కొచ్చాడు. కుళ్లిన తుంగ, తామరకాడలు, ఏది దొరికితే అది పిల్లలు మోసుకొచ్చారు. మొదటి గూడు మునిగిపోయింది. రెండోది గాలికి కొట్టుకుపోయింది. మూడోదాన్ని చెరువు నడుమ పచ్చితుంగకి వదులుగా కట్టారు. అది నిలిచింది.

పొద్దున్నే గోరింకా మాస్టారూ వచ్చి చూస్తే గట్టు మీది గుంట ఖాళీ. వెనకాల బడిపిల్లలంతా వరసలో నిలబడి చూస్తున్నారు.

"అదిగోనండీ," అన్నారు మాస్టారు, చెరువు నడుమ తేలే గూటిని ముక్కుతో చూపించి.

గోరింక ఎగిరి వెళ్లి ఆ గూటి మీద వాలింది. తడినాచులో కాళ్లు దిగబడ్డాయి. చీ అనుకుంటూ లేచింది. కాస్త దూరంలో బుల్లెమ్మ ఈదుతోంది. వీపు మీద ఈకల్లోంచి పిల్లల చారల తలలు కనిపిస్తున్నాయి.

"హాజరు చూడాలి, కదలకండి. ఒకటి, రెండు..."

బుడుంగ్. అంతా కలిసి మునిగి, ఇరవై బారల అవతల తేలారు. గోరింక అక్కడికి ఎగిరింది.

"ఒకటి, రెండు..."

బుడుంగ్.

ఆయాసపడుతూ గట్టుకొచ్చి, "మాస్టారూ, మీరు ఈత పండితులు కదా. వెళ్లి పట్టుకురండి," అంది గోరింక.

మాస్టారు నీళ్లలో దిగారు. చీలమండ మునిగింది. మోకాలు మునిగింది. ఒక కాలు ఎత్తారు, అలాగే ఆగిపోయారు.

"ఏమైందండీ?"

"ఆలోచిస్తున్నాను."

వరసలో ఒక బాతుపిల్ల కిసుక్కున నవ్వింది. అది విని నీటికోడి పిల్ల నవ్వింది. బుల్లెమ్మ తలెత్తి, "మా పిల్లలు బళ్లోనే ఉన్నారు మాస్టారూ. ఈ బడికి తలుపుల్లేవు, తమరు కూడా రావచ్చు," అంది. అంత పొడుగు మాట తనే అన్నందుకు సిగ్గుపడి వెంటనే మునిగింది.

ఎండెక్కింది. గోరింక రిజిస్టరు తెరిచి, "ఈ గట్టున బుడబుంగలు అను పిట్టలు లేవు," అని రాసుకుని వెళ్లిపోయింది. లేని పిట్టల పిల్లల్ని హాస్టల్లో వేయడానికి ఏ రూలూ లేదు మరి.

అప్పటినుంచే కొంగ మోకాలిలోతు నీళ్లలో ఒంటికాలి మీద నిలబడి ఇంకా ఆలోచిస్తోంది. అప్పటినుంచే బుడబుంగ ఇల్లు నీళ్ల మీద తేలుతోంది. బయటికి పోయేటప్పుడు గుడ్ల మీద నాచు కప్పి మరీ పోతుంది, ఎవరి రిజిస్టర్లోకీ ఎక్కకుండా. పిల్లలు తల్లి వీపెక్కి చెరువంతా తిరుగుతారు. గట్టు మీద నిలబడి మీరు లెక్కపెట్టబోయారా, రెండు అనేసరికి అక్కడ నీటిసుడి తప్ప ఇంకేమీ కనిపించదు.