ఎండ మీద మూడు సభలు

ముందు మంచం మీద గెంతులు ఆపండి. పక్క గదిలో ఎవరూ లేకుండా ఫ్యాను తిరుగుతోంది, ఎవరి పని అది? వెళ్లి కట్టేసి రా. ఆఁ, ఇప్పుడు కూర్చోండి. మధ్యలో నవ్వితే నవ్వండి గానీ, ప్రశ్నలు మాత్రం వెయ్యొద్దు.

అనగనగా ఒక అడవి ఉండేది. ఆ అడవికి పెద్ద ఒక ఎలుగుబంటి. పేరు గుబురయ్య. నెత్తి నుంచి అరికాలిదాకా బొచ్చే. అంత బొచ్చు వేసుకుని ఎండాకాలం గడపడమంటే ఎంత కష్టమో మీరే ఆలోచించుకోండి.

ఆ ఏడు ఎండలు ఉగాదికి ముందే మొదలైపోయాయి. రాయి మీద కాలు పెడితే చుర్రుమంటోంది. తాబేలు తన డిప్పలో తనే ఉడికిపోతున్నానని లబలబలాడింది. గుబురయ్య అయితే నాలుక బయట పెట్టుకుని, "చచ్చాను రా బాబోయ్! ఏటేటా ఇలా ముదిరిపోతే ఎలా? ఏదో ఒకటి చెయ్యాలి!" అన్నాడు.

"చేద్దాం అధ్యక్షా!" అంది ముంగిస. దాని పేరు చురుకయ్య. అడవిలో ఏ సభ జరిగినా కార్యదర్శి అదే. "సభ పెడదాం!"

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. పందిరి వెయ్యకుండా సభ పెట్టరు. పందిరి అంటే పచ్చి కొమ్మలు కావాలి. కొమ్మలు విరవడానికి ఏనుగు ఉంది. దాన్ని అందరూ లచ్చుమామ అంటారు. పాపం మంచివాడే. చెప్పిన పని చేస్తాడు, ఎందుకని అడగడు.

లచ్చుమామ వాగు ఒడ్డున ఉన్న నేరేడు చెట్టు దగ్గరికి వెళ్లాడు. ఆ చెట్టు కింది కొమ్మ మీద సీతాలు అనే గువ్వ గూడు కట్టుకుని ఉంది. దాని మొగుణ్ణి మొన్ననే గద్ద ఎత్తుకుపోయింది. గూట్లో రెండు గుడ్లున్నాయి. ఇంక ఈ లోకంలో దానికి ఉన్నదల్లా ఆ రెండే.

మామ పై కొమ్మ మీద తొండం వెయ్యగానే సీతాలు గాభరాగా అరిచింది.

"మామా, మామా! ఆ కొమ్మ నీడే నా గుడ్ల మీద పడుతుంది. విరవకు మామా!"

లచ్చుమామ తెల్లమొహం వేసి చురుకయ్య వైపు చూశాడు. చురుకయ్య నవ్వి, "పిచ్చిదానా, నీ గుడ్లు చల్లగా ఉండాలనే కదే ఈ సభ!" అంది.

ఫెళ్లుమని కొమ్మ విరిగింది.

మొదటి సభ బ్రహ్మాండంగా జరిగింది. నక్క గంటసేపు మాట్లాడింది. నెమలి గంటన్నర మాట్లాడింది. ఎండ వెంటనే తగ్గాలని తీర్మానం చేశారు. అందరూ చేతులెత్తారు, చేతులు లేనివాళ్లు తోకలెత్తారు. పాము ఏమెత్తాలో తెలియక మొత్తం లేచి నిలబడింది. తీర్మానం నెగ్గింది. ఎండకి మాత్రం ఎవరూ కబురు చెప్పలేదు. అది దాని పాటికి అది మర్నాడు ఇంకా గట్టిగా కాసింది.

"అయితే రెండో సభ పెట్టాల్సిందే!" అన్నాడు గుబురయ్య. "ఈసారి ఎండ ఎక్కువగా ఉంది. పందిరి ఇంకా దట్టంగా వెయ్యండి."

వేశారు. నేరేడు చెట్టుకి పడమటి వైపు కొమ్మలన్నీ పోయాయి. సభ జరిగే చోట దుమ్ము లేవకుండా లచ్చుమామ వాగు మడుగులోంచి నీళ్లు పీల్చి, నేలంతా చల్లాడు. చల్లీ చల్లీ మడుగులో సగం నీళ్లు ఖాళీ చేశాడు. అప్పుడు కుందేలు వేదిక ఎక్కింది. "మిత్రులారా, మనం మొక్కలు పెంచాలి! మొక్కంటే ఎలా ఉంటుందో తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే, ఇదిగో చూడండి!" అని, ఎదుగుతున్న చింతమొక్కని వేళ్లతో సహా పీకి అందరికీ చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మొక్కనే దండగా మెలిపెట్టి గుబురయ్య మెడలో వేశారు. గుబురయ్య మురిసిపోయి అందులో సగం నమిలేశాడు కూడా.

ఇక్కడ సీతాలు సంగతి చూడండి. పొద్దున్న నుంచి పొద్దు వాలేదాకా రెక్కలు రెండూ చాపి గుడ్ల మీద గొడుగు పట్టినట్టు నిలబడింది. రెక్కలు లాగేస్తున్నాయి. గొంతు ఎండిపోయింది. నీళ్లకి వెళ్దామంటే, వెళ్లి వచ్చేలోపు గుడ్లు మాడిపోతాయి. చిన్న పిట్ట అది. రెక్కలు చాపినా ఎంత మేర కప్పుతుంది? ఒక గుడ్డు కప్పితే ఇంకో గుడ్డు అంచు బయటికి వచ్చేది.

మూడో రోజు ఎండ ఇంకా పెరిగింది. మూడో సభ పెట్టారు. ఈసారి చురుకయ్యకి గొప్ప ఆలోచన వచ్చింది.

"అధ్యక్షా! ఎండ దెబ్బ తిన్నవాళ్లని వేదిక ఎక్కించాలి. సీతాలుని ముఖ్య అతిథిగా పిలుద్దాం. తామరాకు శాలువా కప్పుదాం!"

"భేష్!" అన్నాడు గుబురయ్య.

లచ్చుమామని కూడా వెంటబెట్టుకుని, ముగ్గురూ కలిసి నేరేడు చెట్టు దగ్గరికి వెళ్లారు. మూడో పందిరికి మిగతా కొమ్మలు కూడా పోయి, అది ఇంక చెట్టులా లేదు. ఒక మోడూ, ఒకే ఒక కొమ్మా, దాని మీద గూడూ.

"సీతాలూ, నీకు సన్మానం! రా తల్లీ!" అన్నాడు గుబురయ్య.

"నేను కదిలితే నా గుడ్లు పోతాయి బాబాయ్. రాలేను," అంది సీతాలు.

చురుకయ్య ఏమందో తెలుసా? "ఏం ఫరవాలేదు! కొమ్మతో సహా విరిచి తీసుకుపోదాం. పందిరికి ఒక కొమ్మ తగ్గింది కూడాను!"

లచ్చుమామ తొండం ఎత్తాడు. మామని ఆపుదామని సీతాలు అరవబోయింది. అరుపు రాలేదు. ఇంతలో గుబురయ్య గూట్లోకి తొంగి చూద్దామని వెనక కాళ్ల మీద లేచి నిలబడ్డాడు. ఆ కొండంత ఒంటి నీడ గూటి మీద పడింది.

సీతాలు రెక్కలు ముడుచుకుంది. ముడుచుకుని, అలా కళ్లు మూసుకుంది.

"ఏమైందే?" అన్నాడు గుబురయ్య కంగారుగా.

"నీడ, బాబాయ్. ఇన్నాళ్లకి నీడ. నువ్వలాగే కాసేపు నిలబడతావా? గుక్కెడు నీళ్లు తాగి వస్తాను."

"దానికేం భాగ్యం, వెళ్లిరా!" అన్నాడు గుబురయ్య.

సీతాలు మడుగుకి ఎగిరింది. మడుగులో బురదే ఉంది. మిగిలిన సగం నీళ్లూ మూడో సభ దుమ్ము మీద చల్లేశారు కదా! పాపం ఎగువన ఎక్కడో చెలమ వెతుక్కుని వెళ్లింది. ఆలస్యమైంది. గుబురయ్య వీపు కాలిపోతోంది. ముక్కు మీంచి చెమట కారుతోంది. కాలు మార్చుకుందామంటే నీడ జరుగుతుంది. జరిగితే గుడ్లు!

"అధ్యక్షా, జనం ఎదురు చూస్తున్నారు! ప్రసంగం!" అని ఎగిరింది చురుకయ్య.

"నోరు మూసుకో! నాకు పనుంది!" అని అరిచాడు గుబురయ్య. అధ్యక్షుడికి పనుండడం చురుకయ్య పుట్టాక ఇదే మొదలు.

లచ్చుమామ ఆలోచించాడు. చాలాసేపు పట్టింది గానీ, ఆలోచించాడు. వచ్చి గుబురయ్య పక్కన నిలబడి, చెవి చాపి ఆయన వీపుకి నీడ పట్టాడు. అధ్యక్షుడేడీ అని వెతుక్కుంటూ వచ్చిన జంతువులు కూడా సిగ్గుపడి వంతులు వేసుకున్నాయి. తొమ్మిది రోజులు ఒకరి తర్వాత ఒకరు ఆ గూటికి నీడగా నిలబడ్డారు. ఎవరూ ప్రసంగం చెయ్యలేదు. ఆ ఎండలో నోరు తెరిచే ఓపిక ఎవరికుంది?

పదో రోజు పొద్దున్న ఒక గుడ్డు పగిలి, ఈకల్లేని పిల్ల బయటికి వచ్చింది. గుబురయ్య గంతులేశాడు. నేల అదిరింది.

"మరి రెండోది ఎప్పుడు వస్తుంది?" అని అడిగాడు.

"రాదు బాబాయ్," అంది సీతాలు. "రెండో సభ రోజునే ఎండ దాని మీద పడింది. నా రెక్క అందలేదు."

గుబురయ్య చల్లబడిపోయిన ఆ గుడ్డు వైపు చూసి భోరుమన్నాడు. ఆ రోజు తన మెడలో దండ పడింది, తను చప్పట్లు విన్నాడు. అదే గుర్తొచ్చింది.

చురుకయ్య మెల్లిగా దగ్గరికి వచ్చి, "సంతాప సభ పెడదామా అధ్యక్షా?" అంది.

గుబురయ్య చూసిన చూపుకి అది బొరియలో దూరి రెండు రోజులు బయటికి రాలేదు.

తర్వాత వానలు పడ్డాయి. పక్క కొండ మీద నేరేడు పళ్లు రాలాయి. గుబురయ్య కడుపారా తిన్నాడు. ఎలుగుబంటి నేరేడు పళ్లు గింజలతో సహా మింగేస్తుంది. మర్నాడు ఆ గింజలు ఎక్కడ బయటపడతాయో మీకు చెప్పక్కర్లేదు. ఛీ అనకండి, వినండి! ఇదివరకు గుబురయ్య ఆ పని బద్ధకంగా గుహ ముందు బండమీదే కానిచ్చేవాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే వానలో తడుస్తూ, పరుగు పరుగున వాగు ఒడ్డుకి వెళ్లి, మెత్తటి నేల చూసుకుని కూర్చునేవాడు. "ఎక్కడికి అధ్యక్షా?" అని అడిగితే, "సభకి కాదు!" అనేవాడు. మామ అయితే తొండంతో ఆ చోట మన్ను కప్పి వచ్చేవాడు, ముక్కు మూసుకోవడానికి ఇంకో తొండం లేదే అని తిట్టుకుంటూ.

మరుసటి వేసవికి అక్కడ నేరేడు మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. గుబురయ్య ఒక మొక్క కింద దూరాలని చూశాడు. ముక్కు ఒక్కటే పట్టింది. మిట్టమధ్యాహ్నం ఆ నీడలో ముక్కు పెట్టుకుని, మిగతా ఒళ్లంతా ఎండలో కాలుతూ, కదలకుండా పడుకున్నాడు.

"బాగుందా బాబాయ్?" అని అడిగింది సీతాలు.

"ముక్కుకి బాగుంది," అన్నాడు గుబురయ్య. "మిగతా ఒళ్లు కాలుతోంది, నేను విరిపించిన కొమ్మలకి సరిపడా."

నీతి: ఎండలు మండిపోతున్నాయని పదిమందితో చెప్పే ముందు, ఈ రోజు నా వల్ల ఎంత నీడ పోయింది, ఎన్ని నీళ్లు పోయాయి అని ఎవరికి వాళ్లు ప్రశ్నించుకుని, అందుకు కారణమైన ఆ ఒక్క అలవాటూ మార్చుకోవాలి.